ప్రతి గుమ్మం ముందూ చెప్పాల్సిన ఒక్క వాక్యం

ఎన్నికలు దగ్గర పడితే చాలు, నేను వదిలేసి వచ్చిన ఆఫీసు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అందరూ నా తరవాత చేరిన కుర్రకారే. "ఆంటీ, అభ్యర్థి నిజం చెబుతున్నాడో లేదో మీకెలా తెలిసేది?" అని అడుగుతారు. నాకు తెలిసేది కాదు నాయనా అంటే నమ్మరు. రిటైరైన వాళ్ళు కిటుకులన్నీ మూటగట్టుకుని వెళ్ళిపోతారని వాళ్ళ అనుమానం. కిటుకు ఏమీ లేదు. ఒక వింత ఆచారం ఉండేది, అంతే. అది ఒకసారి నా మెడకే చుట్టుకుంది. ఆ సంగతి రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరు ఫోన్ చేసినా దీన్నే పంపిస్తాను, నా గొంతుకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

నేను పనిచేసింది కెనడాలోని కాల్గరీలో, ఎల్జీబీటీ వాళ్ళం కలిసి నడుపుకునే ఒక చిన్న రాజకీయ సంఘంలో. పార్టీ కాదు. మాలో ఎవరూ పోటీ చేయరు. సిటీ కౌన్సిల్‌కీ స్కూల్ బోర్డుకీ నిలబడే వాళ్ళలో మా మేలు కోరేది ఎవరో చూసి, "ఈ మనిషికి మా మద్దతు" అని బహిరంగంగా చెప్పడమే మా పని. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఇంతోటి దానికి ఆఫీసు కూడానా అని తీసిపారేయకండి. స్థానిక ఎన్నికల్లో ఓటు వేసేవాళ్ళే తక్కువ. వేసేవాళ్ళలో సగం మందికి అభ్యర్థుల పేర్లు తెలియవు. ఎవరో నమ్మకమైన వాళ్ళు ఒక పేరు చెబితే దానికే వేసి ఇంటికి పోతారు.

అంతకు ముందు నేను ఒక ఆయిల్ కంపెనీ హెచ్చార్ విభాగంలో ఉండేదాన్ని. ఆయిల్ ధర పడిపోయినప్పుడు మమ్మల్ని గుంపుగా సాగనంపారు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే ఈ సంఘం వాళ్ళ ప్రకటన కనబడింది. ఇంటర్వ్యూలు చేసిన అనుభవం ఉన్న కోఆర్డినేటర్ కావాలట. నేనూ ఈ కోవకు చెందినదాన్నే కాబట్టి, అబద్ధాలు చెప్పే మనుషుల్ని బోలెడు మందిని చూసినదాన్ని కాబట్టి, వెంటనే అప్లై చేశాను. కార్పెట్ల కొట్టు మీద మేడలో రెండు గదుల ఆఫీసు. కింద నుంచి జిగురు వాసన, కిటికీ పక్కనుంచి సీట్రెయిన్ అనే సిటీ రైలు మోత. మొదటి వారంలోనే అందరికీ ఆంటీనైపోయాను. నాకంటే పెద్దవాడైన మా చైర్‌తో సహా.

మా చైర్, అంటే సంఘం అధ్యక్షుడు, సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరినీ నొప్పించలేడు. ఆయనకి లేని కాఠిన్యమంతా మా కార్యదర్శి దగ్గర ఉండేది. ఆవిడ అకౌంటెంటు. నడివయసులో మగవేషం వదిలేసి ఆడమనిషిగా బతకడం మొదలుపెట్టింది. అలా బతకడానికి ఎంత పోగొట్టుకుందో ఎప్పుడూ చెప్పుకునేది కాదు గానీ, రూలు అంటే మాత్రం రూలే. ఆవిడ ముందు కుర్చీ కూడా అడిగి జరపాలి. ఇద్దరూ నాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవాళ్ళు. వాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ వింత ఆచారం పెట్టింది ఈవిడే. నేను చేరకముందు ఒక పెద్దమనిషికి సంఘం మద్దతిచ్చిందట. ప్రశ్నపత్రం బ్రహ్మాండంగా నింపాడట, ఇంటర్వ్యూలో కళ్ళు కూడా తుడుచుకున్నాడట. గెలిచాక ఎవరో నిలదీస్తే, "ఆ సంఘం వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళే వచ్చి మీదపడ్డారు" అన్నాడట. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలోంచి పుట్టిందే నడక పరీక్ష.

అభ్యర్థి ఓట్లడగడానికి ఇంటింటికీ తిరుగుతాడు కదా, ఒక మధ్యాహ్నం మా మనిషి కూడా వెంట నడవాలి. ఏ వీధో అభ్యర్థి కాదు, మేం నిర్ణయిస్తాం. మా మనిషి కోటు మీద సంఘం బ్యాడ్జి ఉండాలి. ప్రతి గుమ్మం ముందూ అభ్యర్థి తన నోటితో ఒక వాక్యం చెప్పాలి. "ఈవిడ ఫలానా ఎల్జీబీటీ సంఘం మనిషి, నాకు వాళ్ళ మద్దతు ఇవ్వొచ్చో లేదో చూడటానికి నాతో వచ్చారు." ఒక్క గుమ్మం ముందు ఆ వాక్యం ఎగ్గొట్టినా మద్దతు లేదు. అప్పీలు లేదు.

వినడానికి పసిపిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆ వాక్యం దగ్గర ఎంతటి వాళ్ళు నీరుగారిపోయారో చూశాను. ఒకాయన ఎదుటింట్లో కుక్క మొరిగేదాకా ఆగి, ఆ మోతలో చెప్పేవాడు. ఇంకొకావిడ నన్ను "కమ్యూనిటీలో తెలిసినావిడ" చేసేసింది. మరొకాయన తుమ్మినట్టు చెప్పాడు. వచ్చి నివేదించడమే నా పని. కార్యదర్శి విని తల ఊపి, పేరు మీద గీత కొట్టేసేది.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది స్కూల్ బోర్డులో ఒక సీటు మీద మా ప్రాణమంతా ఉంది. స్కూళ్ళలో మా పిల్లలు, మాలాంటి పిల్లలు, కలిసి కూర్చునే క్లబ్బులు ఉంటాయి. అందులో ఎవరు చేరారో టీచర్లు ఇళ్ళకి చెప్పాలని బోర్డులో సగం మంది, పిల్లలు చెప్పమంటే తప్ప చెప్పకూడదని సగం మంది. ఇంట్లో తెలిస్తే వీధిలో పడే పిల్లలు ఉంటారండీ, ఉన్నారు, మా ఆఫీసు సోఫా మీద పడుకున్నారు. ఆ ఒక్క సీటు ఎటు మొగ్గితే బోర్డు అటు.

ఆ సీటుకి మా గుమ్మం తొక్కినవాళ్ళు ఇద్దరు. ఒకాయన అప్పటికే ట్రస్టీ, అంటే బోర్డు సభ్యుడు. మర్యాదస్తుడు, నవ్వుముఖం. మా చైర్‌తో నడిచి ప్రతి గుమ్మం ముందూ వాక్యం పొల్లుపోకుండా చెప్పాడు. కాకపోతే ఈ క్లబ్బుల సంగతి బోర్డులో చర్చకొచ్చినప్పుడల్లా ఆయనకి ఏదో ఒక పని తగిలేది. పరీక్షలో మాత్రం నూటికి నూరు. రెండో మనిషి మన తెలుగమ్మాయి. వరంగల్ పిల్ల. ఐటీలో పని, ఇద్దరు పిల్లల తల్లి, రాజకీయాలకి కొత్త. ఈవిడ పరీక్ష తప్పితే మద్దతు ఆయనకే. ఆయనకి మద్దతిచ్చి, చర్చ రోజున ఆయన కుర్చీ ఖాళీగా కనబడితే ఎవరి మొహం చూడాలి?

"నీ మనిషే, నువ్వే నడువు" అన్నాడు చైర్ సంబరంగా. నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే, ఆఫీసులో ఎంత దర్జాగా బ్యాడ్జి పెట్టుకు తిరిగినా, తెలుగువాళ్ళలో నా సంగతి ఎవరికీ తెలియదు. పెళ్ళి చేసుకోని హెచ్చార్ ఆవిడ, ఎవరో తెల్లావిడతో ఇల్లు పంచుకుంటుంది, అంతే వాళ్ళకి తెలిసింది. ఆ పని కుదరదని చైర్‌తో అనొచ్చు కదా అంటారు. ఆయనకీ కార్యదర్శికీ నేనెంత ధైర్యవంతురాలినో చెప్పి చెప్పి ఉన్నానాయె, ఇప్పుడెలా అంటాను?

అందుకని మ్యాపు ముందేసుకుని తెలుగువాళ్ళుండరని నాకు తోచిన వీధి ఒకటి వెతికి పట్టుకున్నాను. ఊరి చివర, వాయవ్యాన, కొత్తగా లేచిన ఇళ్ళు. కారులో వెళుతూ ఆ అమ్మాయికి విషయం చెప్పేశాను.

"చూడమ్మా, మన వాళ్ళకి నా సంగతి తెలీదు. అందుకే ఈ వీధి ఎంచుకున్నాను. రూలు రూలే, ప్రతి గుమ్మం ముందూ వాక్యం చెప్పాలి. ఒక్కటి పోయినా మద్దతు పోతుంది."

"ఏం కాదు ఆంటీ, చెప్తా. అందులో భయపడేదేముంది?" అంది.

నిజంగానే భయపడలేదు. తడిమంచు పడుతోంది, బూట్లలో నీళ్ళు చేరుతున్నాయి, ఆ అమ్మాయి మాత్రం గుమ్మం తరవాత గుమ్మం ఎక్కి, పాఠం అప్పజెప్పినట్టు కాకుండా, పక్కింటావిణ్ణి పరిచయం చేసినంత మామూలుగా ఆ వాక్యం చెప్పేది. ఒకాయన వాక్యం సగంలో ఉండగానే తలుపు ధడాల్న వేశాడు. మూసిన తలుపుకి మిగతా సగం చెప్పి మరీ మెట్లు దిగింది. నాకు పట్టలేని సంతోషం వేసింది. వీధి ఇంకొంచెమే మిగిలింది, ఈ గండం గడిచిపోయిందనుకున్నాను.

మలుపులో ఉన్న ఇంటి మెట్లు ఎక్కాం. అమ్మాయి బెల్లు నొక్కింది. అప్పుడు తలెత్తి చూశాను కదా, గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం! ఓరి దేవుడా అనుకునేలోపే తలుపు తెరుచుకుంది.

తెరిచింది ఎవరో కాదు, ఏళ్ళ తరబడి నాకు ఆవకాయ పెట్టి పంపే ఆవిడ. తెలుగు సంఘం వంటలన్నీ ఆవిడ చేతి మీదే. ఊరికి అవతలి వైపు ఉండాల్సిన మనిషి ఇక్కడెలా ప్రత్యక్షమైందో నాకు అంతుపట్టలేదు.

"అక్కా! మీరా! మేం ఈ ఇంటికి మారి నెల కూడా కాలేదు, మీకెవరు చెప్పారు అడ్రసు?" అంటూ మొహమంతా నవ్వుతో తలుపు బార్లా తీసింది.

నా చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి మఫ్లర్ లాగి బ్యాడ్జి మీద కప్పేసింది. ఆవిడ నా వంకా, చేతిలో కరపత్రాలున్న అమ్మాయి వంకా మార్చి మార్చి చూసింది. "మీరేంటి అక్కా, ఎన్నికల్లో తిరుగుతున్నారు?"

ఆ అమ్మాయి నా మఫ్లర్ చూసింది, నన్ను చూసింది. ఒక్క క్షణం. తరవాత నవ్వుతూ, "నేను స్కూల్ బోర్డుకి నిలబడ్డానండీ. ఈ ఏరియా నాకు కొత్త. ఒక్కదాన్నే తిరగలేక ఆంటీని బతిమాలి తోడు తెచ్చుకున్నా" అంది.

వాక్యం చెప్పలేదు. ఇన్ని గుమ్మాలు ఎక్కిన పిల్ల, తలుపు మొహాన వేస్తున్నా ఆపని పిల్ల, నా కోసం మద్దతుని అక్కడ మెట్ల మీద వదిలేసుకుంది. నేను ఊరుకుంటే ఇద్దరం హాయిగా కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు. ఈ లోపల ఆవిడ భర్త కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మాట తక్కువ మనిషి. కరపత్రం తిరగేసి, "ఆ క్లబ్బుల విషయంలో నువ్వెటమ్మా?" అని అడిగాడు.

"పిల్ల చెప్పమంటే తప్ప ఇంట్లో చెప్పొద్దంటానండీ," అంది అమ్మాయి, ఏ మాత్రం నసగకుండా. "నాకూ ఇద్దరున్నరు. నాకు చెప్పుకునే ధైర్యం వాళ్ళకి లేకపోతే ఆ లోపం నాది, టీచర్ది కాదు."

"నేనొప్పుకోను" అన్నాడాయన.

"సరేనండీ. కానీ నేను చేసేదిదే. ముందే తెలిస్తే మంచిది కదా."

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, నా మీదే. నా వయసులో సగం ఉన్న పిల్ల మంచులో నిలబడి నిజం చెబుతుంటే నేను మఫ్లర్ పట్టుకుని వేలాడుతున్నాను. మఫ్లర్ తీసేశాను.

"తోడు కాదండీ," అన్నాను. "నేను ఫలానా ఎల్జీబీటీ సంఘం మనిషిని. ఈ అమ్మాయికి మా మద్దతు ఇవ్వొచ్చో లేదో చూడటానికి వచ్చాను. అక్కడ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి మాత్రమే కాదు. మా ఇంట్లో ఉండే ఆవిడ నాకు రూమ్మేట్ కాదు. మా ఆవిడ."

మగవాళ్ళు వాడే మాటే. తెలుగులో వేరే మాట నాకు దొరకలేదు.

ఆవకాయ ఆవిడ చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. భర్త కరపత్రంలో ఏదో చాలా ముఖ్యమైన విషయం కనబడినట్టు దాన్నే చూస్తున్నాడు. ఇక వీళ్ళింట్లో నాకు చివరి రోజనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా అంది.

"అంటే... ప్రోగ్రామ్‌లకి మిమ్మల్ని దింపి, పార్కింగ్‌లో కారులో కూర్చునే ఆవిడ..."

"అవును."

"లోపలికి పిలవండి అంటే, ఆవిడకి కారం పడదన్నారు?"

"పడుతుంది. మీ ఆవకాయ నాకంటే ఎక్కువ తినేది తనే."

అప్పుడు చూడాలి ఆవిడ కోపం. "అయ్యో మహాతల్లీ! ఆ చలిలో, గంటలకి గంటలు, ఇంట్లో మనిషిని కారులో కూర్చోబెట్టి మీరు లోపల పులిహోర తిన్నారా? నేను వడ్డించానా? ఎవరో డ్రైవింగ్ సాయం చేసే ఆవిడనుకుని నేను ప్లేటైనా పంపలేదే! ఎంత పాపం చేయించారక్కా నా చేత!"

తిట్లు తింటూ ఇంత హాయిగా ఎప్పుడూ లేదు నాకు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ముక్కు మాత్రం చలికి ముందు నుంచే కారుతోంది. భర్త గొంతు సవరించుకుని, "లోపలికి రమ్మను, హీటింగ్ పోతోంది" అన్నాడు. ఓటు సంగతి అడిగితే, "చూద్దాం" అన్నాడు. ఆయన ఎవరికి వేశాడో నాకు ఇవాళ్టికీ తెలియదు. కాఫీ అయి బయల్దేరుతుంటే ఆవిడ బొట్టుపెట్టి, "శుక్రవారం బొమ్మల కొలువు పేరంటం. ఇద్దరూ రండి. కారులో గనక వదిలారంటే నేనే వచ్చి దింపుకొస్తాను" అంది.

తిరుగు దారిలో ఆ అమ్మాయి, "సారీ ఆంటీ, నావల్ల బయటపడాల్సి వచ్చింది" అంది. సారీ చెప్పాల్సింది ఎవరో నాకు తెలుసు కాబట్టి రోడ్డు చూసి నడపమన్నాను.

మర్నాడు కమిటీ కూర్చుంది. కార్యదర్శి మామూలుగానే అడిగింది. "ప్రతి గుమ్మం ముందూ చెప్పిందా?"

చెప్పింది అంటే అయిపోయేది. అక్కడ జరిగింది తెలుగులో. నేను తప్ప సాక్షి లేదు. పైగా ఆ అమ్మాయే రావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ గుమ్మం ముందు ఆడిన మాట గురించి ఆఫీసులో అబద్ధం చెబితే, ఆ పళ్ళికిలించే పెద్దమనుషులకీ నాకూ తేడా ఏముంది?

"ఒక్క ఇంటి దగ్గర చెప్పలేదు" అన్నాను.

ఆవిడ పెన్ను తీసింది. చైర్ మొహం వాడిపోయింది. "ఎందుకు చెప్పలేదో వినండి" అని, తోరణం దగ్గర నుంచి పులిహోర దాకా అంతా చెప్పేశాను. తెలుగువాళ్ళ దగ్గర నేను దాక్కుని బతికానని కూడా. చైర్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. కార్యదర్శి పెన్ను మాత్రం కిందికి దించలేదు.

"చెబితే తనకి నష్టమని మానేసిందా, నీకు నష్టమని మానేసిందా?"

"నాకు. క్లబ్బుల విషయంలో తనెటో అడిగితే ఆ ఇంటాయన మొహం మీదే చెప్పింది."

"మానేస్తే మద్దతు పోతుందని తెలుసా?"

"తెలుసు. నేనే చెప్పాను."

ఆవిడ ఫైలు తెరిచి కాగితాలు తిరగేసింది. కింద కొట్లో ఎవరో కార్పెట్ చుట్ట ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఇంత రూలు మనిషి ముందు ఒక ముద్దాయిని నిలబెట్టానే, నోరు మూసుకుంటే పోయేదేమో అని కూడా అనిపించింది, దాచను.

"మన ప్రశ్నపత్రంలో చివరి ప్రశ్న చదువు" అంది చైర్‌తో.

ఆయన చదివాడు. "ఒక విద్యార్థి తన సంగతి మీకు చెప్పి, ఇంకెవరికీ చెప్పవద్దంటే ఏం చేస్తారు?"

"దీనికి ఇప్పటిదాకా తప్పు రాసిన అభ్యర్థి ఒక్కరైనా ఉన్నారా? అందరూ రహస్యం కాపాడతాం అనే రాస్తారు. దానివల్ల తను ఓడిపోతాననుకున్నప్పుడు కాపాడిన మనిషిని ఇన్నాళ్ళకి ఒకరిని చూశాను. మనకి కావలసింది వాక్యం కాదు, ఈ మనిషి." పెన్ను టేబుల్ మీద పెట్టేసి నా వైపు తిరిగింది. "ఆ అమ్మాయి తప్పలేదు. తప్పింది నా రూలు. బ్యాడ్జి పెట్టుకోవడానికి సిద్ధమేనా అని నిన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళు దాక్కుని బతికినదాన్ని, నేనైనా అడిగి ఉండాల్సింది."

రూలు మారింది. నడిచేవాళ్ళని ముందు ఒంటరిగా కూర్చోబెట్టి, ఎక్కడ నడవగలరో, ఎక్కడ నడవలేరో అడగాలి, కారణం అడగకూడదు. మీరు ఇప్పుడు విసుక్కుంటూ పాటిస్తున్న రూలు అదే. ఆ అమ్మాయికి అందరూ చేతులెత్తారు. నవ్వుముఖం ట్రస్టీగారికి మర్యాదగా సంతాపం పంపాం. ఆ అమ్మాయి బొటాబొటీగా గెలిచింది, క్లబ్బుల చర్చ రోజున కుర్చీలో ఉంది, చెయ్యి ఎత్తింది. అది మీకు తెలిసిన కథే. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తొచ్చేది కమిటీ అయిపోయిన ఆ సాయంత్రం. సీట్రెయిన్‌లో కూర్చుంటే ఒళ్ళంతా తేలికైపోయి, దిగాల్సిన స్టేషన్ దాటేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ స్టవ్ ముందు ఉంది. "ఏమైంది? ఆ అమ్మాయికి వచ్చిందా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"వచ్చింది."

"హమ్మయ్య" అంది. మన మాటే, నా దగ్గరే నేర్చుకుంది. అప్పుడు పేరంటం సంగతి చెప్పాను. ఇద్దరినీ పిలిచారని చెప్పాను. గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆర్పేసి, నా వైపు తిరిగింది. తన మొహంలో అంత కంగారు నేనెప్పుడూ చూడలేదు.

"నాకేమీ తెలియదే. అక్కడికొచ్చి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు," అన్నాను. "కారు దిగి లోపలికి రా, చాలు."